రెండో చేప

ఆ ఏడాది సిరా చిమ్మే కటిల్ చేపలు ఒడ్డుకు రాకముందే మా ఇంట్లో ఒక వెండి పిన్ను పోయింది. దాని వెనకే మా అమ్మాయి వెళ్లిపోయింది. పిన్ను ఎక్కడికి పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అమ్మాయి ఎక్కడుందో మాత్రం తెలుసు. మొనస్తీర్‌లో మా అక్క ఇంట్లో ఉంది. సముద్రం ఒడ్డునున్న మా ఊరు మహ్దియా నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ ఐదు నెలల్లో నేను ఒక్కసారి కూడా వెళ్లి దాని మొహం చూడలేదు. వెళ్లకుండా ఏం చేశానో చెబుతాను.

మా అత్తగారిని వీధి వీధంతా పెద్దావిడన్న మర్యాదతో లల్లా దలెండా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడది పాతకాలపు కట్టు. కుట్టు లేని బట్టను ఒంటికి చుట్టుకుని రెండు భుజాల దగ్గర రెండు వెండి పిన్నులు పెట్టుకునేది. ఒక్కో పిన్ను మీదా వేలెడంత చేప ఉంటుంది. ఆవిడ పెళ్లికి తండ్రి చేయించినవి. జనవరిలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు ఆవిడకు బట్ట చుట్టి పిన్నులు పెట్టింది మా రఫీకా. వచ్చాక విప్పింది కూడా అదే. తెల్లారి చూస్తే గుడ్డలో ఒక్క పిన్నే ఉంది.

"విప్పింది ఎవరు?" అంది లల్లా.

"నేనే నానమ్మా. రెండూ గుడ్డలో చుట్టి నీ తలగడ కిందే పెట్టాను."

"అయితే రెండోదాన్ని నా తలగడ మింగేసిందా?"

ఇల్లంతా వెతికాం. పరుపులు దులిపాం, బియ్యం డబ్బాలు కూడా ఒంపి చూశాం. ఇంతలో పక్కింటి సల్లూహా వచ్చి, మొన్న రఫీకాను వెండిపనివాళ్ల సందులో చూశానని మామూలుగా ఒక మాట అనేసి పోయింది. స్నేహితురాలి కమ్మ అతికించడానికి తోడు వెళ్లానంది రఫీకా. దానికి పందొమ్మిదేళ్లు. బతిమాలడం దానికి చేతకాదు. రెండోసారి లల్లా, వాళ్ల నాన్న అడిగితే అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పింది, అంతే. లల్లా గోడవైపు తిరిగి, ఆ పిన్ను మళ్లీ ఈ ఇంట్లోకి వచ్చేదాకా ఇది ఈ గడప లోపల ఉండటానికి వీల్లేదని ఒట్టు పెట్టుకుంది.

మా ఆయన లతీఫ్ రాత్రంతా పడవ మీద ఉండి వచ్చిన మనిషి. తల్లి ముందు నోరెత్తే రకం కాదు. "కొన్నాళ్లు మీ అక్క దగ్గర ఉండనీ వస్సీలా, అమ్మ కోపం తగ్గాక చూద్దాం," అన్నాడు. రఫీకా నా వైపు చూసింది. నేను లోపలికి వెళ్లి దాని సంచి సర్దాను. బట్టలు చాలా శ్రద్ధగా మడత పెట్టడం నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత ఒక నెల నేను మనిషిని కాలేదు. వంట చేస్తే ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. లల్లా మాత్రం రోజూ ఆ మిగిలిన పిన్నును గుడ్డలోంచి తీసి, చేత్తో తడిమి, మళ్లీ చుట్టి పెట్టుకునేది. ఆవిడ కళ్లకు పొర కమ్మి నాలుగేళ్లయింది. మనుషుల్ని గొంతుతోనూ వస్తువుల్ని వేళ్లతోనూ పోల్చుకునేది.

ఫిబ్రవరిలో ఒకరోజు కటిల్ చేపలు బాగుచేస్తూ కూర్చున్నాను. సిరా సంచి పక్కన పెట్టి, వీపులోంచి తెల్లటి ఎముకను లాగి పారేస్తుంటే నా చిన్నప్పటి సంగతి ఒకటి తట్టింది. నాకు ఏడేళ్లప్పుడు కమ్మ ఒకటి సముద్రంలో పోతే, ఖ్మాయిస్ అనే ఆయన మిగిలినదాన్ని ఇలాంటి ఎముకలోనే నొక్కి, అచ్చు తీసి, రెండోది పోసిచ్చాడు. గుండ్రటి కమ్మ అది. ఏది పాతదో ఏది కొత్తదో మా అమ్మ కూడా చెప్పలేకపోయింది.

చేతులు కడుక్కోకుండానే లెక్క వేసుకున్నాను. ఏటా జూన్‌లో పరుపులు విప్పి, లోపలి ఉన్ని సముద్రంలో కడుగుతాం. అప్పుడు పరుపుల్లోంచి ఉంగరాలు, బొత్తాలు, పిల్లల పాలపళ్లు ఏవో ఒకటి దొరకడం మామూలే. లల్లా పరుపులోంచి ఒక చేప పిన్ను దొరికితే ఎవరు కాదంటారు? ఒట్టు తీరిపోతుంది, పిల్ల ఇంటికొస్తుంది. ఇంత తెలివైన ఆలోచన నాకు జన్మలో రాలేదనుకున్నాను.

ఖ్మాయిస్ బాబాయ్ దుకాణం మూసేసి చాలా కాలమైంది. ఇంటి వెనక గదిలో వెండి కరిగించే మూసలూ పటకార్లూ పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడు. గుమ్మం దగ్గర ఆయన భార్య ఫట్టూమా పిన్ని ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుళ్లు వలుస్తోంది. చేపను ఒక గుడ్డలో తెచ్చాను. పిన్నని తెలియకుండా వెనక సూది ముందే ఊడదీశాను, ఇంటికెళ్లాక మళ్లీ తగిలించొచ్చు.

"మా ఆయన మేనకోడలికి గొలుసులో వేసుకోవడానికి ఇలాంటి బిళ్ల కావాలిట బాబాయ్," అన్నాను. జత అన్న మాట నోట రానివ్వలేదు. ఆ మాట వస్తే ఎవరిదో తెలిసిపోతుంది, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

ఆయన తన చేతులు చాచి చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "మూస పట్టుకుంటే నా కాళ్ల మీదే పోసుకుంటాను. నేర్పమంటే నేర్పుతాను. పోయడం మాత్రం నువ్వే పోసుకోవాలి."

"ఆమెకెందుకు నేర్పడం? నాకు నలభై ఏళ్లలో ఒక్క ఉంగరం పోసిచ్చావా?" అంది ఫట్టూమా పిన్ని.

"నీకు వేళ్లు లావు. ఎముక దొరకలేదు."

నేను నవ్వాను. ఆ నెలలో నవ్వడం అదే మొదలు.

వెండికి నా పెళ్లినాటి కాలి కడియం ఒకటి విరగ్గొట్టాను. వెండి నాది కాబట్టి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. చేప మాత్రం నాది కాదు. గురువారం మధ్యాహ్నం సల్లూహా లల్లాను స్నానాల ఇంటికి తీసుకెళ్లి రెండు గంటలు ఉంచుతుంది. ఆ రెండు గంటల్లో తలగడ కింద గుడ్డ విప్పాలి, పరుగెత్తాలి, ఎముకలో నొక్కాలి, మళ్లీ తెచ్చి ఎలా ఉన్నది అలా చుట్టిపెట్టాలి. వారానికి మహా అయితే ఒక్క అచ్చు. ఎముక ఒక్కసారికే పనికొస్తుంది, వెండి తగిలితే లోపలంతా మాడిపోతుంది. పిల్ల దొంగ అని ఇంట్లోంచి పంపేశారు. ఆ పిల్ల తల్లి వారంవారం అదే తలగడ కింద చెయ్యి పెడుతోంది. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేసేది.

మొదటిసారి వంటింట్లో దాచిన ఎముకలే పట్టుకెళ్లాను. మిద్దె మీద వారం ఎండబెట్టాను, తెల్లగా బాగానే కనబడ్డాయి. ఎముకను రంపంతో అడ్డంగా రెండు ముక్కలు చేసి, మెత్తటివైపు రాతి మీద అరగదీసి, చేపను ఒక ముక్కలో బొటనవేళ్లతో నొక్కాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. పైన వెండి పోయడానికి గరాటులా చెక్కి, రెండు ముక్కలూ ఇనప తీగతో కట్టాను. గ్యాస్ మంట కింద వెండి కరిగింది, వెలిగారం వేస్తే అద్దంలా తళతళలాడింది. పోశాను.

అది లోపలికి దిగనే లేదు. బుసకొట్టి పైకి ఎగిరింది. ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. కాలిన వెంట్రుకల కంపు గదంతా నిండింది.

ఫట్టూమా పిన్ని నూనె సీసా తెచ్చింది. బాబాయ్ ఎముకను పగలగొట్టి లోపల వేలు పెట్టి చూశాడు. "తడి," అన్నాడు. "నిన్నటిదాకా చేప కడుపులో ఉన్నదాన్ని తెచ్చి నిప్పులో పెట్టావు. పైన ఎండితే సరిపోయిందా? వంటింటి ఎముక కూరకే. కిందటేడు చచ్చి, సముద్రం కడిగి, ఎండ ఎండబెట్టినది కావాలి. ఒడ్డున వెతుక్కో."

అప్పట్నుంచి పొద్దున్నే లతీఫ్ వచ్చి పడుకోగానే శ్మశానం కింది రాళ్ల దగ్గరికి వెళ్లేదాన్ని. అలలు తెచ్చి పడేసిన ఎముకలు అక్కడ చాలా ఉంటాయి. గోరు పెడితే పిండి రాలాలి, నాలుక ఆనిస్తే అంటుకోవాలి. నాచు పట్టినవి, పక్షులు పొడిచినవి తీసేస్తే పదింట ఒకటి నిలబడేది. ఎవరైనా పలకరిస్తే చిలక ముక్కు రుద్దుకోవడానికి అని చెప్పేదాన్ని. మాకు చిలక లేదు. అబద్ధాలు కూడా ఆ కాలంలోనే నేర్చుకున్నాను, పోతపని కంటే త్వరగా వచ్చాయి.

రెండోసారి ముక్కల మధ్య సందు ఉండిపోయింది. వెండి పక్కలనుంచి కారిపోయి, చేపకు బదులు ఒక రేకు మిగిలింది. మూడోసారి గాలి పోవడానికి గీతలు గియ్యడం మర్చిపోయాను. తల వచ్చింది, తోక రాలేదు. నాలుగోసారి తొందరపడి చల్లారుతున్న వెండి పోశాను. అది గరాటులోనే గడ్డ కట్టింది. తీసి మళ్లీ మూసలో వేశాను. ప్రతిసారీ అదే వెండి, అదే మూస. నా చేతిలోంచి ఒక్కటి సరిగ్గా రావడం లేదు.

"ఎందుకమ్మా ఇంత ఆరాటం? మేనకోడలి పెళ్లి ముంచుకొస్తోందా?" అన్నాడు బాబాయ్.

"అవును."

"పెళ్లికొడుకు ఎవరు?" అని చేట దగ్గర్నుంచి అడిగింది ఫట్టూమా పిన్ని.

నేను ఎముకకు తీగ బిగించడంలో పడ్డాను. ఆవిడ ఇంకేం అడగలేదు. వలిచిన చిక్కుళ్లు కొన్ని గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టింది.

మధ్యలో అక్క ఒకసారి ఫోన్ చేసింది. రఫీకా కుట్టుపని కార్ఖానాలో చేరిందట. బాగానే ఉందట, మాటలే తగ్గాయట. "నువ్వొకసారి వచ్చి పోరాదూ," అంది. జూన్‌లో నేనే వచ్చి తీసుకెళతానన్నాను. ఉత్త చేతులతో వెళ్లి దాని ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

ఇంకోటి కూడా చెప్పాలి. రఫీకా పిన్ను తీయలేదని నాకు నేను రోజూ చెప్పుకునేదాన్ని. ఎముకలు ఏరుతూ, వెండి కరిగిస్తూ చెప్పుకునేదాన్ని. తెలిసిన సంగతిని మనిషి అన్నిసార్లు చెప్పుకోడని అప్పుడు నాకు తోచలేదు.

మే నెలాఖరున ఎనిమిదోది కుదిరింది. ముక్కల్ని వెలుతురుకు పెట్టి చూస్తే సందులోంచి సన్నటి గీత కూడా కనబడనంతగా అరగదీశాను. చేప చుట్టూ సూదితో పదిహేను గీతలు గీశాను. వెండి గుండ్రంగా తిరిగేదాకా ఆగి, చెయ్యి వణకకుండా ఒక్క ధారగా పోశాను. తీగ విప్పితే పొలుసులతో, కంటితో, తోకతో సహా చేప బయటికొచ్చింది. ఒంటి మీద ఎముక గీతలు సన్నగా అలలుగా పడ్డాయి. అవన్నీ ఆకురాయితో తీసేశాను. నాకు ఏడుపొచ్చింది. బాబాయ్ కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని పాతదానిలా నల్లగా చెయ్యాలి," అన్నాను.

"కొత్త గొలుసుకు పాత బిళ్ల ఎందుకు?"

"పిల్ల అలాగే అడిగింది."

ఆయన నన్ను కొంచెంసేపు చూశాడు. తర్వాత, ఉడకబెట్టిన గుడ్డు చిదిమి డబ్బాలో దానితోపాటు మూతపెట్టి ఉంచమన్నాడు. మర్నాటికి నల్లబడింది. ఇంటికి తెచ్చుకుని అసలుదాని పక్కన పెట్టి చూశాను. అచ్చం అదే. ఇంకేం కావాలి అనుకున్నాను.

జూన్ రెండో వారంలో ఉన్ని రోజు పెట్టాం. పొద్దున్నే ఏడుగురు ఆడవాళ్లు మా పెరట్లో చేరారు. పాటలు, టీ, ఒకరి కోడలి మీద ఇంకొకరి ఫిర్యాదులు. ముందురోజే లల్లా పరుపు మూల కుట్టు విప్పి, చేపను లోపలికి తోసి, మళ్లీ కుట్టేశాను. సూది లేకుండానే పెట్టాను, ఊడిపోయిందనుకుంటారు. లల్లా నీడలో చాప మీద కూర్చుంది. ఆ పరుపు కావాలనే సల్లూహాకు ఇచ్చాను. నోరు తెరిచి పిల్లను పంపించింది ఆవిడే, నోరు తెరిచి వెనక్కి పిలిచేదీ ఆవిడే కావాలనుకున్నాను.

నేను అనుకున్నట్టే జరిగింది. ఉన్ని పీకుతూ పీకుతూ సల్లూహా గట్టిగా అరిచింది. "దొరికింది లల్లా, నీ చేప దొరికింది." ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నాలుకలాడించి సంబరంగా కేకలు పెట్టారు. పడుకున్న లతీఫ్ ఏమైందోనని బనియను మీదే బయటికొచ్చాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోవచ్చు, రాత్రికి పిల్ల ఇంట్లో ఉంటుంది అని లెక్క వేసుకుంటున్నాను.

లల్లా చేప అందుకుంది. రొమ్ములో దోపుకున్న గుడ్డలోంచి తన దగ్గర మిగిలినదాన్ని తీసింది. రెండు అరచేతుల్లో రెండూ పెట్టుకుని, బొటనవేళ్లతో తల నుంచి తోక దాకా తడిమింది. చేతులు మార్చి మళ్లీ తడిమింది. ఆడవాళ్ల కేకలు మెల్లగా ఆగిపోయాయి.

"ఇది కుడి భుజానిది," అంది. "ఇదీ కుడి భుజానిదే."

"అదేంటి లల్లా?" అంది సల్లూహా.

"కుడి చేప ఇటు చూడాలి, ఎడమ చేప అటు చూడాలి. నా గుండెల మీద అరవై ఏళ్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇవి రెండూ ఒకే వైపు పోతున్నాయి."

ఇరవై రెండేళ్లుగా ఆ రెండు చేపలూ ఆవిడ గుండెల మీద నా కళ్ల ముందే ఉన్నాయి. అవి ఎదురెదురుగా ఉంటాయని నేను ఒక్కనాడూ గమనించలేదు. నొక్కినది నొక్కినట్టే వస్తుంది కదా అని మురిసిపోయాను. జత అని ఒక్క మాట చెప్పి ఉంటే బాబాయ్ మొదటిరోజే నా నెత్తిన మొట్టి, ఎదురు చేపను చేత్తో చెక్కించేవాడు.

లల్లా నన్ను దగ్గరకు రమ్మంది. వెళ్లి కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని పైకి తడుముతూ మణికట్టు మీద కాలిన మచ్చ దగ్గర ఆగింది.

"నువ్వే పోశావా?"

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను, ఆవిడ వదల్లేదు.

తిడుతుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ నా చేతిని తన ఒళ్లో పెట్టుకుని నిమిరింది. "కన్నతల్లివి. పిల్ల తప్పు చేస్తే కప్పిపుచ్చకుండా ఎలా ఉంటావు? నేనైనా ఇదే చేసేదాన్ని." గొంతు పెంచి అందరికీ వినబడేలా అంది, "పిల్లను రమ్మను. తీసిందని తేలిపోయింది, ఇక దాచడానికేముంది. చిన్నపిల్ల. నేను క్షమించేశాను. నా ఒట్టు నేను తీసేసుకుంటున్నాను."

లతీఫ్ నిట్టూర్చి గోడకు ఆనుకున్నాడు. సల్లూహా కొంగుతో కళ్లొత్తుకుంది. లల్లా మనసు ఎంత పెద్దదో అని ఎవరో అన్నారు. ఏడుగురు ఆడవాళ్లూ నా మొహంలోకే చూస్తున్నారు. రఫీకా తీయలేదు అని నేను చెప్పాల్సిన సమయం అదొక్కటే.

"సరే లల్లా," అన్నాను.

ఉన్ని కడిగే పని ఆగలేదు. తట్టలు నెత్తిన పెట్టుకుని సముద్రం దగ్గరికి వెళ్లాం. సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి ఉన్ని తొక్కాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ చాలా ప్రేమగా ఉన్నారు.

మర్నాడు ఇంట్లో వినబడకూడదని పోస్టాఫీసు ఫోన్ గదిలోంచి అక్క ఇంటికి ఫోన్ చేశాను. రఫీకానే ఎత్తింది. ఐదు నెలల తర్వాత దాని గొంతు వినడం. "ఇంటికి వచ్చెయ్యమ్మా. నానమ్మ రమ్మంది," అన్నాను.

"పిన్ను దొరికిందా?"

దొరికిందని చెప్పేద్దామనుకున్నాను. కానీ ఊళ్లో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు చెబుతారు. అందుకని జరిగినదంతా నేనే చెప్పాను. ఎముకలు ఏరడం, చెయ్యి కాల్చుకోవడం, ఎనిమిదిసార్లు దొంగలా తలగడ కింద చెయ్యి పెట్టడం, అన్నీ. ఎంత కష్టపడ్డానో చెబితే దాని మనసు కరుగుతుందనుకున్నాను.

"ఇంట్లో ఇంకోసారి వెతికావా?" అంది.

"ఎప్పుడు?"

"ఈ ఐదు నెలల్లో."

వెతకలేదు. ఆ నెలలన్నీ కొత్తది చెయ్యడంలోనే ఉన్నాను.

"నానమ్మ క్షమించానంటే నువ్వేమన్నావు?"

"అందరి ముందూ నేనేమనగలను రఫీకా? ముందు నువ్వు ఇంటికొస్తే చాలనుకున్నాను."

"నానమ్మ అడిగింది. నాన్న అడిగాడు. పెద్దమ్మ కూడా అడిగింది. తీశావా అని నువ్వొక్కదానివే అడగలేదు. ఎందుకడగలేదమ్మా?"

ఫోన్ గదిలో గాలి ఆడటం లేదు. బయట ఒకాయన చేతిలో నాణేలు ఆడిస్తూ నిలబడ్డాడు. ఏం చెబుతావోనని భయపడ్డాను అని చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు.

"పోనీ ఇప్పుడడుగు," అంది. గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు ఎక్కాలు ఒప్పజెప్పేముందు ఇలాగే నిలబడి, అడుగు అడుగు అనేది. "అడుగమ్మా. చెబుతాను."

రెండు చేతులతో రిసీవరు పట్టుకున్నాను. నోరు తెరిచాను. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నాను," అంది రఫీకా. అని ఫోన్ పెట్టేసింది.